హ్వార్‌ను మంగళవారానికి వాయిదా వేయండి

ప్రశ్న: మేము మ్యూనిక్‌లో ఉంటాం. వచ్చే ఆగస్టులో క్రొయేషియా వెళ్ళి, స్ప్లిట్ నగరం పక్కనున్న కాష్టెలా మరీనాలో (పడవల రేవులో) ఒక తెరచాప పడవను వారం రోజులకు అద్దెకు తీసుకుంటున్నాం. యాభై అడుగుల పడవ, ఐదు గదులు. నేను, నా భార్య, తొమ్మిదేళ్ళ పాప, ఆరేళ్ళ బాబు, బావమరిది దంపతులు, గుంటూరు నుంచి వస్తున్న మా అమ్మానాన్న. నేను ఈ మధ్యే పడవ నడిపే లైసెన్సు తీసుకున్నా, ధైర్యం చాలక స్కిప్పర్‌ను, అంటే పడవ నడిపే మనిషిని కూడా మాట్లాడుకున్నాను. శనివారం సాయంత్రం ఐదింటికి పడవ ఇస్తామన్నారు. వెంటనే బయలుదేరి రాత్రికి హ్వార్ దీవి చేరితే ఒక రోజు కలిసివస్తుందని నా లెక్క. మా బావమరిది మాత్రం మొదటి రాత్రి మరీనాలోనే పడుకుందాం అంటున్నాడు. అంత డబ్బు పోసి రేవులో పడుకోవడం ఏమిటి? అమ్మ శాకాహారి, రైస్ కుక్కర్ తెస్తానంటోంది. నాన్నకు మోకాళ్ళ నొప్పులు. మొదటి రోజు ఎలా గడపాలో చెప్పండి.

సమాధానం: మీ బావమరిది మాటే వినండి.

ఐదింటికి పడవ ఇస్తామన్నారంటే ఐదింటికి మీరు కదలవచ్చని కాదు. ఆ తీరంలో అద్దె వారాలన్నీ దాదాపుగా శనివారంతోనే మొదలై శనివారంతోనే ముగుస్తాయి. పొద్దున తొమ్మిదింటికి పాతవాళ్ళు దిగుతారు. ఆ తర్వాత పడవ కడగాలి, దుప్పట్లు మార్చాలి, విరిగినవి బాగుచేయాలి. అదే రోజు అదే మరీనాలో ఈ పనంతా ఎన్నో పడవలకు జరగాలి. మీ వంతు వచ్చి, కాగితాల మీద సంతకాలై, పడవలో ఉన్నవన్నీ చూసుకునేసరికి ఏడవుతుంది. అక్కడి నుంచి హ్వార్ దాదాపు 25 నాటికల్ మైళ్ళు, అంటే 46 కిలోమీటర్లు. గంటకు ఆరు మైళ్ళ చొప్పున ఇంజన్ మీద పోయినా నాలుగు గంటలకు పైనే. ఆగస్టు మధ్యలో అక్కడ ఎనిమిదింటికల్లా పొద్దు గుంకుతుంది. ఎప్పుడూ పడవ ఎక్కని అమ్మానాన్నలను, నిద్రకు తూలుతున్న పిల్లలను వెంటబెట్టుకుని మూడు గంటలు చీకట్లో ప్రయాణం చేసి, రాత్రి పదకొండింటికి హ్వార్ రేవులో చోటు వెతుక్కోవాలి. ఆగస్టులో అక్కడ మధ్యాహ్నం నుంచే కిటకిటగా ఉంటుంది. చాలా అద్దె ఒప్పందాల్లో రాత్రి ప్రయాణం చేయకూడదన్న షరతు ఉంటుంది, మీది ఒకసారి తీసి చదవండి. ఇంకో సంగతి, వేసవిలో ఆ తీరానికి వచ్చే వాయవ్యపు గాలి సాయంత్రానికి పడిపోతుంది. తెరచాప పడవను అద్దెకు తీసుకుని దారంతా డీజిల్ పొగ పీల్చడం మీకూ ఇష్టం ఉండదు.

కాబట్టి రోజు కలిసిరాదు, ఆదివారం మొత్తం అలసటలో పోతుంది. శనివారం చేయాల్సిన పని పడవను స్వాధీనం చేసుకోవడం. అందులో పని చాలానే ఉంది.

బయలుదేరే ముందే ఇంట్లో కూర్చుని చేయాల్సింది ఒకటుంది. పడవలో ఉండే వాళ్ళందరి పేర్లు, పాస్‌పోర్ట్ నంబర్లు, పుట్టిన తేదీలతో కంపెనీ ఒక జాబితా అడుగుతుంది. అది అక్కడి అధికారుల దగ్గర నమోదవుతుంది. మనవాళ్ళ పేర్లతో ఇక్కడే చిక్కు. మీ నాన్నగారి పాస్‌పోర్టులో ఇంటిపేరు ఏ గడిలో పడిందో, అసలు పేరు ఏ గడిలో ఉందో చూసి, అందులో ఉన్నది ఉన్నట్టుగా రాయండి. పొట్టి పేర్లు, పిలుపు పేర్లు వద్దు. 2023 జనవరి 1 నుంచి క్రొయేషియా ఒకే వీసాతో తిరిగే ఐరోపా దేశాల షెంగెన్‌లో ఉంది, యూరోకూ అదే రోజు మారింది. అమ్మానాన్నలకు షెంగెన్ వీసా ఉంటే చాలు, కాకపోతే వీసాలో ఇచ్చిన రోజులు ఈ వారాన్ని కూడా కలుపుకుని సరిపోతాయేమో లెక్క చూసుకోండి. డిపాజిట్ కింద మీ క్రెడిట్ కార్డు మీద కొన్ని వేల యూరోలు ఆపి ఉంచుతారు. కార్డు పరిమితి అంత ఉందో లేదో శనివారం సాయంత్రం కౌంటర్ దగ్గర తెలుసుకోవడం కంటే ముందే బ్యాంకును అడగడం నయం. చక్రాల పెట్టెలు వద్దని అందరికీ చెప్పండి. పడవలో వాటిని పెట్టే చోటుండదు, మడిచి దాచుకునే గుడ్డ సంచులే తేవాలి.

శనివారం మధ్యాహ్నానికి మరీనా చేరాక జట్టును రెండుగా చీల్చండి. మీరూ మీ బావమరిదీ పడవ దగ్గర ఉండండి. మీ శ్రీమతి, ఆమె వదినగారు సరుకులకు వెళ్ళాలి. అమ్మానాన్నలు పిల్లలతో నీడలో ఏ కాఫీ కొట్టులోనో కూర్చోవాలి. పడవ అప్పగించే సమయంలో పిల్లలు అక్కడ ఉంటే మీ చెవి ఒకటి వాళ్ళ మీదే ఉంటుంది, కంపెనీ మనిషి చెప్పేది సగమే ఎక్కుతుంది.

ఆ అప్పగింత దగ్గర సిగ్గుపడకండి. స్కిప్పర్ ఉన్నాడు కదా, ఆయన చూసుకుంటాడని పక్కకు తప్పుకోవద్దు. డిపాజిట్ మీది. పడవ చుట్టూ తిరిగి ప్రతి గీతను, ప్రతి సొట్టను ఫోనులో ఫొటో తీసి, వాళ్ళ కాగితంలోనూ రాయించండి. తెరచాపలు విప్పించి చిరుగులున్నాయేమో చూడాలి. గాలి ఎక్కువగా ఉంటే ఆ పని ఆదివారం పొద్దునకు పెట్టుకోవచ్చు. ఇంజన్ వేయించి, వెనుక గొట్టంలోంచి పొగతో పాటు నీళ్ళు చిమ్ముతున్నాయో లేదో వంగి చూడండి. అవి సముద్రం నుంచి లోపలికి తోడుకుని ఇంజన్‌ను చల్లబరచి బయటికి వచ్చే నీళ్ళు. వారమంతా ఇంజన్ వేసిన ప్రతిసారీ మీ కళ్ళు అటే పోవాలి. నీళ్ళు రాకపోతే వెంటనే ఆపేయాలి.

లంగరు దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడండి. గొలుసు ఎన్ని మీటర్లు, పది మీటర్లకొకసారి రంగు గుర్తులున్నాయా, దాన్ని దించి ఎత్తే మోటారు ఎలా పనిచేస్తుంది, దాని ఫ్యూజు ఎక్కడుంది. ఆ మోటారు కరెంటును తెగ తాగుతుంది కాబట్టి ఇంజన్ ఆడుతుండగానే వాడాలి. ఒకసారి కొద్దిగా దించి ఎత్తించండి. గొలుసు కదులుతున్న దగ్గర ఎవరూ వేలు పెట్టకూడదని మీ బావమరిదికి అప్పుడే చెప్పండి, ఆ పని చివరికి ఆయన నెత్తినే పడుతుంది.

లైఫ్‌జాకెట్లు పిల్లల కొలతలవి కావాలని కంపెనీకి ఇప్పుడే రాయండి. పెద్దవాళ్ళవి బిగించి పిల్లలకు తొడిగితే నీళ్ళలో అవి పైకి జారిపోతాయి. పడవ చుట్టూ కంచెలా కట్టే వల కూడా అడిగితే ఇస్తారు. ఆరేళ్ళ బాబు ఉన్నాడు కాబట్టి అది తప్పనిసరి. శనివారం రాత్రే ఇద్దరికీ జాకెట్లు తొడిగి, పట్టీలు సరిచేసి, వాటి మీద పేర్లు రాసి పెట్టండి. మంటలార్పే సిలిండర్లు, మంట మీద కప్పి ఆర్పే దుప్పటి, ఆపదలో వెలిగించే సిగ్నల్ మంటల పెట్టె, రేడియో ఎక్కడున్నాయో పెద్దవాళ్ళు నలుగురికైనా తెలిసి ఉండాలి. ఆపద వస్తే వీహెచ్ఎఫ్ రేడియోలో 16వ ఛానెల్, ఫోనులో అయితే సముద్ర రక్షణ వాళ్ళ నంబరు 195. స్కిప్పరే నీళ్ళలో పడితే ఎవరు మాట్లాడతారన్నది ఆలోచించారా? జాకెట్ వేసుకోమంటే ఆయన నవ్వుతూనే వేసుకుంటాడు, అడిగి చూడండి.

ఇక మనవాళ్ళు అడగడానికి మొహమాటపడే విషయం, మరుగుదొడ్డి. పడవలో అది చేత్తో కొట్టే పంపుతోనో, మీట నొక్కే మోటారుతోనో నడుస్తుంది. గొట్టాలు సన్నం. కాగితం వేస్తే మూసుకుపోతుంది, మూసుకుపోయిన గొట్టాన్ని విప్పే ఖర్చు మీ డిపాజిట్‌లోంచే పోతుంది. పక్కన మూతున్న చెత్త సంచి పెట్టి, కాగితం అందులోనే వేయమని అందరికీ చెప్పండి. జెట్ స్ప్రే ఉండదు. అమ్మానాన్నల కోసం ఒక ప్లాస్టిక్ చెంబు తీసుకెళ్ళండి, వారం మొత్తంలో మీరు చేసిన అత్యుత్తమ ఏర్పాటు అదేనని మీ అమ్మగారు ఒప్పుకుంటారు. పంపు ఎన్నిసార్లు కొట్టాలో, కొట్టాక మీటను ఏ వైపు తిప్పాలో శనివారం అందరి చేత ఒకసారి చేయించండి, నాన్నగారి చేత కూడా. మురుగు పడే ట్యాంకు కవాటం రేవులో మూసి ఉంచాలి, తీరానికి బాగా దూరంగా పోయాకే తెరవాలి. ఆ పని స్కిప్పర్‌కు వదిలేయండి.

మంచినీళ్ళ ట్యాంకుల్లో ఇలాంటి పడవలకు ఐదారు వందల లీటర్లు పడతాయి. తొమ్మిది మందికి ఒక్కొక్కరూ షవర్ కింద పాట పాడుతూ నిలబడితే రెండు రోజులకే అడుగంటుతుంది. శనివారం రాత్రి, ఆదివారం పొద్దున మరీనాలోని స్నానాల గదులనే వాడుకుని, ట్యాంకులు నిండుగా బయలుదేరండి. తాగడానికి మాత్రం పెద్ద సీసాల నీళ్ళు కొనుక్కోవాలి.

రైస్ కుక్కర్ సంగతి. గట్టు మీది ప్లగ్గుకు తీగ తగిలించి ఉన్నంతసేపే పడవలో 230 వోల్టుల కరెంటు. గట్టు వదిలాక ఉండేది బ్యాటరీల 12 వోల్టులు, ఫోన్లకూ దీపాలకూ ఫ్రిజ్‌కూ సరిపోతుంది, అన్నం ఉడకదు. అమ్మగారిని మూడు లీటర్ల ప్రెషర్ కుక్కర్ తెచ్చుకోమనండి. మూత బిగుసుకుని ఉంటుంది కాబట్టి పడవ ఊగినా పొంగిపొర్లదు, గ్యాసూ తక్కువ పడుతుంది. గ్యాస్ బండ వెనుక భాగంలో వేరే అరలో ఉంటుంది. వంటయ్యాక పొయ్యి దగ్గరే కాదు, అక్కడ కూడా కట్టేయాలి. గ్యాస్ గాలి కంటే బరువైనది, కారితే పడవ అడుగున చేరి కూర్చుంటుంది. పొయ్యి ఊయలలా ఊగేట్టు కడతారు. ప్రయాణంలో దాన్ని వదిలేసి, రేవులో గొళ్ళెం వేస్తారు. నడుస్తున్న పడవలో వంట వద్దని మాత్రం అమ్మగారికి గట్టిగా చెప్పండి, పులిహోర, పెరుగన్నం పొద్దునే కలిపి పెట్టుకోవచ్చు.

కందిపప్పు, చింతపండు, పొడులు, ఆవకాయ మ్యూనిక్ నుంచే పట్టుకెళ్ళండి. బియ్యం, పెరుగు, టమాటా, వంకాయ, పండ్లు అక్కడ హాయిగా దొరుకుతాయి. కోంజుమ్, టొమ్మీ దుకాణాలు ఆ ప్రాంతమంతా ఉన్నాయి. సరుకులన్నీ శనివారమే తెచ్చేసుకోండి. దుకాణాలు ఏడాదికి 16 ఆదివారాలే తెరవాలని 2023 జూలై నుంచి అక్కడ చట్టం ఉంది. మీరు వెళ్ళే ఆదివారం తెరిచే వాటిలో ఉంటుందో లేదో అన్న పందెం మీకెందుకు? అట్టపెట్టెలను గట్టు మీదే వదిలేసి సరుకులను మాత్రమే లోపలికి తెండి, ఆ పెట్టెల మడతల్లో బొద్దింకలు, వాటి గుడ్లు ఉంటాయని పడవల వాళ్ళ భయం. ఆ భయం అనవసరమైనదేమీ కాదు.

అమ్మానాన్నలకు ఏ గది ఇవ్వాలన్నది ఎక్కగానే తేల్చండి, లేకపోతే పిల్లలు తేలుస్తారు. ముందు వైపు గది చూడటానికి బాగుంటుంది, అలల్లో ఎక్కువ ఎగిరిపడేదీ అదే. మెట్ల పక్కనే, మరుగుదొడ్డికి దగ్గరగా ఉండే వెనుక గది వాళ్ళకివ్వండి. ఇంజన్ చప్పుడు కాస్త వినిపిస్తుంది, ఊపు తక్కువ. మెట్లు నిటారుగా ఉంటాయి. మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళు ముఖం మెట్ల వైపు పెట్టి, వెనక్కి వెనక్కి దిగాలి, రెండు చేతులూ కమ్మీల మీద ఉండాలి. నాన్నగారి చేత శనివారమే నాలుగైదుసార్లు ఎక్కించి దింపించండి. అంతకంటే ఇబ్బంది, పడవ వెనుక నుంచి గట్టుకు వేసే సన్నని వంతెన పలక. ఆ తీరంలో పడవలను వెనుక భాగం గట్టు వైపు పెట్టి కడతారు కాబట్టి ప్రతి ఊళ్ళోనూ దాని మీదుగానే దిగాలి. పలక ఊగుతుంది, పట్టుకోవడానికి చాలాసార్లు ఏమీ ఉండదు. ముందొకరు, వెనుకొకరు చేయి అందించి దాటించాలి. ఆయన పెద్దరికానికి భంగమని ఒప్పుకోకపోతే, స్కిప్పర్ చేత చెప్పించండి.

స్కిప్పర్ గురించి కూడా ఒక మాట. ఆయనకు ఒక గది, మూడు పూటలా భోజనం మీ బాధ్యత. ఐదో గదిలో సంచులు పెట్టుకుందామనుకుని ఉంటే ఆ ఆలోచన మానుకోండి. మాంసం లేని వంట వారమంతా తినడానికి అభ్యంతరమా అని ముందే అడగండి, లేదా ఊళ్ళో తినడానికి డబ్బు ఇవ్వండి. అంతకన్నా ముఖ్యం, కదలాలా ఆగాలా అన్నది ఆయన మాటే. మీ జేబులో కొత్త లైసెన్సు ఉంది, చుక్కాని పట్టుకోవాలని చేయి ఉబలాటపడుతుంది, తప్పులేదు. శనివారం రాత్రి భోజనం దగ్గర ఆయనతో చెప్పండి, ఆదివారం విశాలమైన చోట మీకు ఇస్తాడు. రేవులోకి వచ్చేటప్పుడు మాత్రం ఇద్దరు కెప్టెన్లు పనికిరారు. ఎవరు ఏ మోకు పట్టుకోవాలి, పడవ గట్టుకు రాసుకోకుండా ఎవరు రబ్బరు బుడగలు వేలాడదీయాలి, ఎవరు పిల్లలను కూర్చోబెట్టాలి అన్నది ఆ రాత్రే పంచుకోండి. పడవకూ గట్టుకూ మధ్య కాలు పెట్టి ఆపబోవడం మనవాళ్ళకు వచ్చే మొదటి ఆలోచన. పది టన్నులకు పైగా బరువున్న పడవను కాలు ఆపలేదు, కాలే విరుగుతుంది.

వికారానికి మందు ఆదివారం పొద్దున, బయలుదేరడానికి గంటా రెండు గంటల ముందే వేసుకోవాలి. కడుపులో తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే పెద్దగా పనిచేయదు. మనవాళ్ళకు అలవాటైన అవోమిన్ లాంటివి నిద్ర తెప్పిస్తాయి. గ్లకోమా, ప్రొస్టేట్ సమస్యలున్న పెద్దవాళ్ళకు ఈ రకం మందులు ఇబ్బంది చేయవచ్చు కాబట్టి నాన్నగారి విషయంలో డాక్టరును అడగకుండా ఇవ్వకండి. పిల్లలకు ఎంత ఇవ్వాలో కూడా ఆయన్నే అడగండి. తిప్పుతోందన్న వాళ్ళను లోపల పడుకోబెట్టకుండా పైన కూర్చోబెట్టి దూరాన తీరం వైపు చూడమనండి.

ఆదివారం తొమ్మిదీ పది మధ్య కట్లు విప్పండి. కాష్టెలా అఖాతం పొద్దున చాలావరకు ప్రశాంతంగా ఉంటుంది. ఎడమ చేతి వైపు స్ప్లిట్, దాని మొనన మర్యాన్ కొండ, కుడి వైపు చియోవో దీవి. ఆ రెండింటి మధ్యలోంచి బయటపడతారు. అక్కడ స్ప్లిట్ నుంచి దీవులకు పోయే పెద్ద ఫెర్రీలు వేగంగా వస్తుంటాయి, పిల్లలకు వాటిని లెక్కపెట్టే పని ఇస్తే మీకు కాపలా కాసినట్టూ ఉంటుంది. ఎదురుగా షోల్తా దీవి. దాని ఉత్తరపు ఒడ్డున నెచుయామ్ అఖాతంలో లంగరు వేసి మధ్యాహ్న భోజనం చేయండి. లంగరు ఇసుక మీద పడాలి. నీళ్ళు తేటగా ఉంటాయి కాబట్టి ఇసుక తెల్లగా, సముద్రపు గడ్డి నల్లగా కనిపిస్తుంది. గడ్డిలో లంగరు పట్టదు, పైగా దాన్ని పెకలించడం సముద్రానికి చేటు. ఈతకు దిగే ముందు రబ్బరు చెప్పులు తొడగండి, ఒడ్డు దగ్గరి రాళ్ళ మీద ముళ్ళ బంతుల్లాంటి సముద్రపు అర్చిన్లు ఉంటాయి.

ఎండ ఎక్కేకొద్దీ వాయవ్యం నుంచి మయెస్త్రాల్ అనే గాలి మొదలై మధ్యాహ్నానికి జోరందుకుంటుంది. తెరచాప ఎత్తడానికి అదే సమయం, చుక్కాని అడగడానికీ అదే సమయం. గాలి వెనుక నుంచీ పక్క నుంచీ తగులుతూ ఉంటే షోల్తా, బ్రాచ్ దీవుల మధ్య సందు వైపు సుఖంగా పోవచ్చు. పొద్దునే స్కిప్పర్‌తో కలిసి క్రొయేషియా వాతావరణ శాఖ సముద్ర సూచన చూడండి. అందులో బూరా అన్న మాట కనిపిస్తే కార్యక్రమం మొత్తం మారిపోతుంది. అది కొండల మీది నుంచి సముద్రం వైపు విసిరికొట్టే ఈశాన్యపు గాలి, ఆకాశం నీలంగా ఉండగానే వస్తుంది. వేసవిలో తక్కువే, వచ్చినప్పుడు మాత్రం మరీనాలో ఇంకో రాత్రి ఉండటమే సుఖం. యూగో అన్న మాట ఉంటే ఆగ్నేయపు గాలి, మబ్బు, పెద్ద అలలు.

ఏ గండం లేకపోతే ఆ రాత్రి మజిలీ బ్రాచ్ దీవి పడమటి కొసనున్న మిల్నాకు పెట్టుకోండి. నెచుయామ్ మీదుగా కాష్టెలా నుంచి మొత్తం పదహారు పదిహేడు మైళ్ళు. లోతుగా లోపలికి చొచ్చుకుపోయిన రేవు, ఎటు గాలి వీచినా ఆశ్రయం దొరుకుతుంది, నాన్నగారు నడవడానికి నీటి ఒడ్డునే చదునైన దారి ఉంది. హ్వార్‌కు మంగళవారం వెళ్ళండి. పట్టణం రేవులో కాకుండా ఎదురుగా పాక్లెని దీవుల్లోని పాల్మిజానా మరీనాలో పడవ కట్టి, చిన్న టాక్సీ పడవలో ఊళ్ళోకి పోయి రండి. దానికీ మిల్నాకూ చోటు కోసం ఇప్పుడే మరీనాల వాళ్ళకు రాయండి. మిల్నాకు ఆదివారం మధ్యాహ్నం మూడింటికల్లా చేరాలి, ఆగస్టులో నాలుగు దాటితే గట్టున ఖాళీ దొరకడం కష్టం.